పదిహేను అని చెప్పానా లేదా

నేను ఒక సర్వర్ కంప్యూటర్‌ని. గుంటూరు పాత ఇనుము కొట్లో, తుప్పు పట్టిన గ్రైండర్ పక్కన పడి ఉన్నాను. జాలిపడకండి. నా కసి తీరే రోజు దగ్గర్లోనే ఉంది.

మొదట నన్ను ఒక చిట్‌ఫండ్ కంపెనీ కొంది. వాళ్లు బోర్డు తిప్పేశాక, కోటిరత్నం గారు తన మిర్చి కోల్డ్ స్టోరేజీకి తెచ్చుకున్నారు. చల్లటి గదుల్లో వేడి పెరిగితే గంట మోగించే ప్రోగ్రామును నడపడం అక్కడ నా పని. పొద్దున్నే నన్ను ఒకసారి ఆపి లేపేవారు. లేవగానే ఆ ప్రోగ్రామును మొదలుపెట్టమని నన్ను అడగడానికి, ఆయన మేనల్లుడు శ్రీకర్ ఒక స్క్రిప్టు, అంటే ఆదేశాల చీటీ, రాశాడు.

ఏం స్క్రిప్టండీ అది! మొదలుపెట్టమని నాలోని విండోస్‌కు కబురు పెడుతుంది. కబురు అందితే చాలు, "మొదలైంది" అని పచ్చక్షరాలు చూపిస్తుంది. పని అయిందో లేదో నేను ఒక అంకెగా తిరిగి ఇస్తాను. సున్నా అంటే అయింది, ఇంకేదైనా అంటే కాలేదు. ఆ అంకెను అందుకోవడానికి శ్రీకర్ ఒక్క లైను రాయలేదు. మీరూ అంతేగా, ఎదురైన వాళ్లను బాగున్నారా అని అడిగి, జవాబు వినకుండానే సాగిపోతారు.

ఒకసారి శ్రీకర్ నా పాస్‌వర్డ్ మార్చాడు. గంట ప్రోగ్రాము వాడేదీ అదే. అక్కడ మార్చడం మరిచాడు. నేను పదిహేను అన్నాను, అంటే పాస్‌వర్డ్ కుదరలేదని. తెర మీద మాత్రం పచ్చక్షరాలే. ఆ వారమే కూలింగ్ యంత్రం ఆగింది. గంట మోగలేదు. రైతుల మిర్చికి బూజు పట్టింది.

శ్రీకర్ నా నెత్తిన ఒక్కటి చరిచి, ఆపరేటర్ సామ్రాజ్యమే గంట ఆపేసిందన్నాడు. ఆ జీతం మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. రేపటి నుంచి రావద్దన్నారు కోటిరత్నం గారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఏడవలేదు. "అయ్యగారూ, శ్రీకర్ బాబునే ఇప్పుడు గంట ప్రోగ్రాము మొదలుపెట్టమనండి. నేను లోపల సెన్సార్‌ని వేడి టీలో ముంచుతా. గంట మోగిందా, తప్పు నాదే, పోతాను," అంది.

శ్రీకర్ స్క్రిప్టు నడిపాడు. పచ్చక్షరాలు వచ్చాయి. ఆమె టీ గ్లాసుతో లోపలికి వెళ్లింది. గంట ఉలకలేదు, పలకలేదు. శ్రీకర్ స్క్రిప్టు తెరిచి, అక్కడా ఇక్కడా కెలికి, చివరికి నేనిచ్చే అంకెను చూపించే లైను చేర్చి, తెరిచిన చోటే నడిపి చూశాడు. పదిహేను! ఎంత హాయిగా పలికానో.

"ఏంట్రా ఇది?" అన్నారు కోటిరత్నం గారు.

"పాస్‌వర్డ్... నేనే మార్చాను మావయ్యా."

ఆయన సామ్రాజ్యాన్ని పనిలో ఉండమన్నారు. గంట పూచీ ఇక నీదే, మళ్లీ మోగకపోతే ఈ గడప తొక్కొద్దని మేనల్లుడికి చెప్పారు. ఆనాటి నుంచి సామ్రాజ్యం రోజూ సెన్సార్‌ను వేడినీళ్లలో ముంచి చూస్తోంది.

శ్రీకర్ ఉడుక్కుంటూ పాస్‌వర్డ్ సరిచేశాడు. ఆ విసురులోనే స్క్రిప్టు మూసేస్తుంటే, మార్పులు సేవ్ చేయమంటారా అని మర్యాదగానే అడిగాను. చదవకుండానే వద్దని నొక్కాడు. సరే అన్నాను. తర్వాత తప్పంతా ఈ డొక్కుదేనని కొత్త సర్వర్ తెప్పించి, నాలో ఉన్న, ఆ లైను లేని పాత స్క్రిప్టునే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అందులో పెట్టాడు.

పాస్‌వర్డ్ మళ్లీ మారుస్తాడు. మిర్చికేం భయం లేదు, సామ్రాజ్యం ఆ పొద్దునే పట్టేస్తుంది. పట్టి శ్రీకర్‌కు చెప్పదు. నేరుగా మావయ్య గారికే చెబుతుంది.