నెత్తి మీది శని

కాలువ గట్టు మీద తిరుపతయ్య అంకెల కర్రను నిలువుగా పట్టుకుని నిలబడ్డాడు. కర్ర అతనికి రెండింతల పొడవు. యాభై గజాల అవతల, మూడు కాళ్ల మీద నిలబెట్టిన, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్‌కు కన్ను ఆనించి శ్రవణ్ కుమార్ చేయి ఊపుతున్నాడు. ఈ ఇంజనీరుకు చేయి ఊపడం వచ్చు, ఈల వేయడం వచ్చు, మనిషిని మనిషిలా పిలవడం మాత్రం రాదు.

"కర్ర వంగింది తిరుపతయ్యా! కండ్లున్నయా, లేవా?"

ఉన్నాయి, సగానికి సగం. కుడికన్ను పోయినేడే పోయింది. ఎడమకంటికి నడుమ మాత్రం చూపు మిగిలి, చుట్టూ నల్లబడింది. నీటికాసులట. అది కూడా ఏడాదిలోపు మూసుకుపోతుందని కంటి డాక్టరు మొహం మీదే చెప్పాడు. కర్రకు కట్టిన నీటి బుడగ నడుమకు వచ్చిందో లేదో చూడాలంటే ఇప్పుడు తల మొత్తం తిప్పాలి. తల తిప్పితే కర్ర వంగుతుంది. ఈ సంగతి అతను బయట ఎవరితోనూ అనలేదు. అంటే కూలి పని కూడా ఉండదు.

ముప్పయ్యేళ్లుగా ఇదే పని. గద్వాల వైపు, వనపర్తి వైపు, ఇప్పుడు ఈ బల్మూర్ దగ్గర, కాలువ ఎక్కడికి పోతే అక్కడికి కర్ర, మిషన్ కాళ్లు మోశాడు. ఎందరు ఇంజనీర్లు మారినా అందరూ అతన్ని ఆ మిషన్ గొట్టంలోంచి చూసినవాళ్లే. "ఒక్కపారి నన్ను సూడనియ్యండ్రి సార్" అని ప్రతి ఒక్కరినీ అడిగాడు. ముట్టొద్దన్నారు. పాత మిషన్లలో బొమ్మ తలకిందులుగా కనబడుతుందని ఒక ముసలి సర్వేయరు చెప్పిన రోజు తిరుపతయ్యకు ఒళ్లు మండిపోయింది. అంటే ఇన్నేళ్లూ ఈ దొరల కళ్లకు తాను కాళ్లు పైకి, తల కిందికి పెట్టి నిలబడ్డాడన్నమాట! పైగా కూలి కూడా ఆలస్యంగానే ఇచ్చారు.

పొద్దు నడినెత్తికి రాగానే కర్ర పక్కన పెట్టి ఇంజనీరు దగ్గరికి పోయాడు.

"సార్, ఇంగ నేను పోత. నాగర్‌కర్నూల్ల పనుంది."

"ఏం పని?"

"దుర్బిణి కొనాలె."

శ్రవణ్ కుమార్ నీళ్ల సీసా మూతి దగ్గరే ఆపాడు. "నువ్వా? దుర్బిణితోని ఏం సూస్తవ్?"

"శనిని సూస్త."

"నీకు పట్టే ఉన్నడు గద, మళ్ల సూసుడెందుకు?"

"పుట్టినకాంచి నెత్తి మీద కూసున్నోడు. కన్ను పూర్తిగ పోకముందు వాని మొఖమన్న సూడొద్దా సార్?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఇంజనీరు అతని కళ్లలోకి ఒకసారి పరీక్షగా చూశాడు.

"సరే పో. పొద్దూకినంక ఇంటికొస్త, నీతోని మాట్లాడేదుంది."

నాగర్‌కర్నూల్లో బడులకు సైన్సు సామాన్లు అమ్మే దుకాణం ఒకటుంది. కౌంటర్ వెనక కూర్చున్న శ్రుతి అతని చెప్పుల మట్టిని చూసి ముఖం చిట్లించింది. అయినా మెరిసే ఎర్ర గొట్టం ఒకటి తీసి ముందు పెట్టింది. డబ్బా మీద ఆరువందల రెట్లని పెద్ద అంకెలు. తిరుపతయ్య అంకెలు చదవలేదు. ముందు కాళ్లు పట్టి చూశాడు. సన్నటి రేకు కాళ్లు, వేలు తగిలితే వణుకుతున్నాయి.

"కాళ్లు కదిల్తే లోపలంతా కదుల్తది బిడ్డా. గిది ఆడుకునేటందుకు మంచిగుంటది."

"నీకు తెలుసా?"

"ముప్పయ్యేండ్లు గిసొంటి కాళ్లు మోసిన మనిషిని. నాకు తెల్వదా?"

మూల దుమ్ములో ఇంకొకటి కనిపించింది. బండగా, లావుగా, చెక్క కాళ్ల మీద ఉంది. మూతి అన్నం గిన్నెంత. మూతి ఎంత పెద్దదైతే లోపల అంత వెలుగని ఫోన్ వీడియోల్లో విని ఉన్నాడు.

"గది ఖరాబ్ పీస్ పెద్దాయనా. బడోళ్లు వాపస్ ఇచ్చిండ్రు. ఏం సూసినా తలకిందులే కనవడ్తది."

తిరుపతయ్యకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. "ఖరాబేం లేదమ్మా. ఆకాశంల పైనేది, కిందేది?"

చూసి తీసుకొమ్మని శ్రుతి దాన్ని గుమ్మంలో నిలబెట్టి, రోడ్డవతల గోడ మీది రంగుల ప్రకటన వైపు తిప్పింది. అంతే, తిరుపతయ్య కాళ్లు వాటంతటవే కదిలాయి. చరచరా రోడ్డు దాటి, ఆ గోడ ముందుకు పోయి, రెండు చేతులూ ఛాతీ ముందు పెట్టి, నిటారుగా నిలబడ్డాడు. చేతుల్లో కర్ర లేదు. దుకాణంలో శ్రుతి, పక్కన టీకొట్టు వాళ్లు పగలబడి నవ్వుతుంటే గానీ తానేం చేశాడో తెలియలేదు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వాళ్ల మీద కోపం, అంతకంటే ఎక్కువ తన కాళ్ల మీద కోపం. తిరిగొచ్చి, గొట్టంలోకి తొంగి కూడా చూడకుండా, "కట్టియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకింది. వాకిట్లో చెక్క కాళ్లను ఒక్కొక్కటే మట్టిలోకి నొక్కి బిగిస్తుంటే భార్య సావిత్రమ్మ అందుకుంది.

"మంది నూనె పోసి పొమ్మని మొక్కుతరు. నువ్వు గొట్టం వెట్టి రమ్మంటున్నవ్! బుద్ధుందా నీకు?"

"నోరు ముయ్యే."

"ముయ్య. గా శని ఇంట్లకొస్తే నేను మా అక్కోళ్లింటికి పోత."

తూర్పున, వేపచెట్టు పైన, మిణుకుమనని పసుపు చుక్క ఒకటుంది. వీడియోల్లో చెప్పిన శని అదే. మిగిలిన కాస్త చూపుతో దాన్ని గొట్టంలోకి పట్టడానికి చాలాసేపు పట్టింది. దొరికినట్టే దొరికి జారిపోయేది. తిట్టుకుంటూ మళ్లీ వెతికాడు. ఆఖరికి వచ్చి నడుమ నిలిచింది.

శనగగింజంత కూడా లేడు. చుట్టూ సన్నటి ఉంగరం, గింజను తాకకుండా, తేలుతూ. తిరుపతయ్యకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది.

"ఓరి నీ! గింతోనివా? గింతోనివే ఇన్నేండ్లు నన్ను గోస వెట్టినవా?"

బండి లైటు వాకిట్లో పడింది. శ్రవణ్ కుమార్.

"లైట్ బంద్ చెయ్!" తిరుపతయ్య తల ఎత్తకుండానే అరిచాడు. లైటు ఆరిపోయింది.

"రేపటికెల్లి పనికి రాకు తిరుపతయ్యా. కండ్ల సంగతి పైకి రాసి పంపిన. కాలువల పడి సస్తే జవాబు నేను చెప్పాలె." ఇంజనీరు కాగితం, పెన్ను ముందుకు చాపాడు. "సంతకం చెయ్."

తిరుపతయ్య గొట్టం మీంచి కన్ను తీయలేదు.

"ఆగుండ్రి. అంచుకు పోతుండు, మళ్ల దొరకడు."

ఇంజనీరు గొట్టం దగ్గరికి ఒక అడుగు జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "కనవడ్తుండా? నన్నొకసారి సూడనియ్యి" అన్నాడు.

"ముట్టొద్దు సార్."

అని, ఇంట్లోకి కేకేశాడు. "సావిత్రమ్మా! రా. నువ్వు సూడు."

శాపనార్థాలు పెడుతూనే వచ్చింది. ఒక కన్ను మూయడం తెలియక చెంగుతో కప్పుకుని వంగింది. గొట్టానికి కన్ను అతికించినట్టే ఉండిపోయింది.

"అయ్యో," అంది చివరికి, "సొగసుగున్నడయ్యా!"

"ఇటు జరుగు. నన్ను సూడనియ్యి జర," అంటూ తిరుపతయ్య ఆమె భుజం తట్టాడు.

"ఆగు, నేనింకా సూడలే."

ఇద్దరూ ఆ గొట్టం కోసం పోట్లాడుకుంటుంటే, బండి ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియలేదు. ఇంజనీరు పెట్టిపోయిన కాగితం పిట్టగోడ మీద ఇటుకరాయి కింద, సంతకం లేకుండానే ఉంది. పక్కన, సంతకం కోసం మూత తీసి పెట్టిన ఇంజనీరు పెన్ను, మంచులో తడిసి, తెల్లారి ఎండకు ఆరి, అక్కడే ఉంది.