మామగారి పేరున్న మనిషి

వేడినీళ్ళు పోసి ముడివేసిన రబ్బరు గ్లవ్‌ను నొలుతాండో, అతని ఇంట్లోనే మంచం పక్కన కూర్చుని, చిన్న దిండు మీద ఆనించిన అతని మోచేతి మడతలో పెట్టింది. వేడికి రక్తనాళం పైకి తేలాలి. పదహారు మందిని ఎక్కించుకుని కేప్‌టౌన్ రోడ్ల మీద వ్యాను టాక్సీ తిప్పిన చెయ్యి అది. ఇప్పుడు కంకి విరిచేసిన మొక్కజొన్న చొప్పలా ఉంది.

ఇరవై ఏడేళ్ళుగా ఆమె పని రక్తం తీయడమే. డాక్టర్లు మూడుసార్లు గుచ్చి వదిలేసిన చేతులు చివరికి ఆమె దగ్గరికే వస్తాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలియనట్టు నటించదు కూడా.

హెచ్‌ఐవీ ఉన్న కొందరికి కండరాలను ఆడించే నాడులు ఎందుకు చచ్చిపోతున్నాయి? తప్పు ఆ వైరస్‌దేనా? దెబ్బతిన్న నాడుల నుంచి రక్తంలోకి జారే పదార్థాన్ని ఆరుసార్లు కొలిస్తే కొంతైనా తెలుస్తుందని ఆసుపత్రివాళ్ళ ఆశ. అలాంటి రోగే అయిన అతను ఐదుసార్లు రక్తం ఇచ్చాడు. ఆరోది లేకపోతే ఆ ఐదూ చెల్లవు. "నా సంగతి సరే, నా వెనకాల ఎక్కేవాళ్ళకైనా మందు దొరకాలి కదా" అనేవాడు, మాట ఉన్న రోజుల్లో.

ఒక్కటే చిక్కు. సూది గుచ్చేముందు రోగి పేరు పైకి పలకాలి. ఇన్నాళ్ళూ తనే చెప్పుకునేవాడు. ఇప్పుడు మాట పడిపోయింది కాబట్టి రక్తం తీసేవాళ్ళే పలకాలి, అతను కళ్ళు మూసి తెరవాలి. ఆ పేరేమో నొలుతాండో మామగారిది. వాళ్ళ ఖోసా తెగలో కోడలు మామగారి పేరు నోట పలకదు, ఆయన పోయినా సరే. అందుకే ఇతన్ని వంశం పేరుతో 'గచేనీ' అని పిలుస్తూ నెట్టుకొచ్చింది.

అతని అక్క తోజామా నొలుతాండోను ఆమె వంశం పేరుతో పిలిచి గుమ్మంలోంచి నవ్వింది. "ఏమ్మా మాబేలే, సూదికి భయపడవు గానీ చచ్చిపోయిన మామగారికి భయమా?"

"భయం కాదక్కా, మర్యాద."

పలికానని కాగితం మీద టిక్కు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? అతనికి తెలుస్తుంది. నొలుతాండో తలగుడ్డ సర్దుకుంది.

"ఏమనుకోకు మామయ్యా" అని గాల్లోకి చెప్పి, "జ్వెలిబాంజి!" అని గట్టిగా పిలిచింది.

అతను కళ్ళు మూసి తెరిచాడు. తర్వాత నవ్వాడు. ఒక్క గుచ్చుకే రక్తం వచ్చింది. నొలుతాండోకు తన చేతిని చూసి తనకే గర్వమనిపించింది.

ఆ తర్వాత పదకొండో రోజు పొద్దున అతను పోయాడు. నొలుతాండో పలకరించడానికి వెళ్ళేసరికి, చావింటి ఆచారం ప్రకారం అతని గదిలో సామానంతా తీసేసి, నేల మీద పరుపు వేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు.

"నువ్వు పేరు పెట్టి పిలిచిన ఆ రోజంతా నవ్వు మొహమేనమ్మా" అంది తోజామా.

"ఆరోదీ చెల్లిందక్కా. ఆరుకి ఆరూ లెక్కలోకి వచ్చాయి."

"ఎవరివి?" అంది పక్కనున్న ముసలావిడ.

"జ్వెలిబాంజివి." ఈసారి మామగారిని అడగలేదు, గొంతూ తగ్గించలేదు.

ఖాళీ గది మూలన, అతని చెయ్యి ఆనించే చిన్న దిండు మధ్యలో గుంట పడి అలాగే ఉంది.