ఆశ్చర్యపోయే మొహం

“నోరు తెరువే! ఐసు కరిగి నీళ్ళైపోతుంటే ఎవరైనా ఆవలిస్తారా?”

అమ్మ ఫోను వెనకనుంచి కసిరింది. పిల్లలకి వంటింట్లో సైన్సు చూపించే అమ్మ వీడియోల్లో ఆశ్చర్యపోయే డ్యూటీ ఎప్పుడూ కూతురిదే. గలగలా వాగుతుందని ఇంట్లో పిచ్చుక అంటారు గానీ, ఇవాళ మాత్రం దానికి నోరు తెరవాలంటేనే విసుగొస్తోంది. ఐసు నీళ్ళైతే నోరు తెరవాలి, నీళ్ళు ఆవిరైతే ఇంకా తెరవాలి, ఆ ఆవిరి మూతకి పట్టి మళ్ళీ నీళ్ళైతే చప్పట్లు కొట్టాలి. పొద్దున్నుంచీ ఇదే గోల! బయటి చప్పుళ్ళు పడకూడదని కిటికీలు మూసేసి, ఫ్యాను ఆపేసి, తలుపుకి గడియ కూడా పెట్టేసింది అమ్మ. గిన్నెలో నీళ్ళకంటే ముందు పిచ్చుకే మరిగిపోయేలా ఉంది. కింద షటిల్ ఆట టప్పు టప్పుమని వినిపిస్తోంది. ఇంకాసేపట్లో చీకటి పడితే అదీ ఉండదు.

“అమ్మా, ఒక్క ఆట ఆడొస్తానే.”

“ఒక్కసారి సరిగ్గా ఆశ్చర్యపో, వదిలేస్తా.”

“పొద్దున్నుంచీ ఆ ఒక్కసారే కదా!”

“నోరు తెరవమంటే ఇందుకా?” అమ్మ విసుగ్గా రికార్డింగ్ ఆపేసింది. “ఫ్రీజర్లో నీళ్ళ సీసా పెట్టా, పట్రా. ఈపాటికి గడ్డకట్టుంటుంది.”

కట్టలేదు. లోపల నీళ్ళు నీళ్ళలాగే కదులుతున్నాయి. అంటే మళ్ళీ పెట్టాలి, మళ్ళీ కూర్చోవాలి, మళ్ళీ నోరు తెరవాలి! పిచ్చుకకి ఒళ్ళు మండి సీసాని గట్టుమీద ఠపీమని కొట్టింది.

అంతే. చేతిలో ఉండగానే నీళ్ళు పైనుంచి కిందిదాకా తెల్లగా, చకచకా గడ్డకట్టుకుంటూ పోయాయి.

“అమ్మో!” ఇద్దరూ ఒకేసారి అరిచారు.

“ఇదే! ఈ మొహమే కావాలి నాకు!” అమ్మ ఫోను అందుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, రికార్డింగ్ లేదని. “ఇంకో సీసా పెడదాం. సున్నాకంటే చల్లబడ్డ నీళ్ళు కుదుపు తగిలితే చాలు, గడ్డకట్టేస్తాయి. మళ్ళీ అచ్చం ఇలాగే...”

“నాకు తెలిసిపోయిందిగా, ఇంకెలా వస్తుంది? ఆ మొహం నువ్వే పెట్టు. ఇందాక నీ మొహమే బాగుంది.” పిచ్చుక ఫోను లాక్కుంది.

అమ్మ జుట్టు సర్దుకుని, గడ్డకట్టిన సీసా వంక చూసి, “అబ్బా!” అంది.

“నిద్రలో ఉన్నావా? మళ్ళీ.”

“అబ్బబ్బా!”

“కళ్ళు ఇంకాస్త పెద్దవి చెయ్. నవ్వకు. మళ్ళీ.”

చెమట కంట్లోకి కారుతుంటే అమ్మ మూసిన కిటికీ వైపు చూసింది. కింద టప్పు, టప్పు.

“ఇంకెన్నిసార్లే?”

“ఒక్కసారి సరిగ్గా ఆశ్చర్యపో, వదిలేస్తా.”

అమ్మ లేచి వెళ్ళి గడియ తీసింది.

“పో. చెప్పులేసుకుని పోవే.”