మూడో సొరుగు

విరిగిన పాలను పలుచటి గుడ్డలో మూటకట్టి, పెద్దరంగులమ్మ రెండు చేతులతో మెలిపెట్టి పిండుతూ ఉంది. పులిసిన నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారాయి. గుమ్మం దగ్గర రెండు పిల్లులు కూర్చున్నాయి. రోజూ మోసపోతున్నా వాటికి ఆశ చావదు. గుడ్డ విప్పాక గాని ఆమెకు తెలియలేదు, ఇద్దరు పనిచేసే రోజుకు సరిపడా పాలు విరగ్గొట్టిందని. పాలరంగు ఏ రోజుది ఆ రోజుకే. తెల్లారేసరికి కుళ్ళిపోతుంది. దాచుకోవడం కుదరదు.

చేతి అలవాటు, అని సరిపెట్టుకుని, ఆ పాలముద్దలో సున్నం వేసి కల్వంలో నూరింది. ముద్ద జిగురుగా కరిగాక నీలం పొడి కలిపింది.

ముప్పై ఏళ్ళుగా ఆ రేకుల షెడ్డులో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఊళ్ళోవాళ్ళ పాత సామాను గీకి రంగులు వేస్తున్నారు. వీధిలో ఒకరు పెద్దరంగులమ్మ, ఇంకొకరు చిన్నరంగులమ్మ. అసలు పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేవు. చట్రాలు పెద్దామెవి, సొరుగులు చిన్నామెవి. పెద్దామెకు ఒకప్పుడు పెళ్ళయింది. పదకొండు నెలల కాపురం. ఆ మనిషి పని వెతుక్కుంటానని వెళుతూ గొడుగు మర్చిపోయాడు. గొడుగు కోసమైనా వస్తాడనుకుంది. గుడ్డ చివికి ఊచలు మిగిలినా, అది ఇప్పటికీ షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు వెళ్ళేది చెల్లెలు. యాభై ఆరేళ్ళ వయసులో. కొన్నాళ్ళు ఈ ఊళ్ళో గది తీసుకుని గడియారాలు బాగుచేసిన ఒకాయన కాలు విరిగిన కుర్చీ తెచ్చి ఇచ్చి, రంగు ఆరిందా అంటూ నాలుగుసార్లు వచ్చాడు. పాలరంగు అరగంటలో ఆరిపోతుంది. కుర్చీ కోసం వచ్చినవాడు మనిషిని పట్టుకుపోతున్నాడని వీధంతా నవ్వింది. పెద్దామె కూడా నవ్వింది. పోయిన వారం రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది కూడా ఆమే. ఆయన సొంత ఊరు ఇక్కడికి తొమ్మిది గంటల ప్రయాణం.

వెళుతూ చెల్లెలు ఒక్కటే అడిగింది, అమ్మ సొరుగులబల్ల. మూడు సొరుగులు, పైన మచ్చలు పడ్డ అద్దం. నాలుగింటికి వ్యాను వస్తుంది.

పాలరంగుకు పచ్చి చెక్క కావాలి. పాత వార్నీషును గరుకు కాగితంతో ఆసాంతం గీకితేనే చెక్క రంగును తాగుతుంది. తాగిందా, ఇక వదలదు. వార్నీషు మీదే పూస్తే పైపైన నిలిచి, నాలుగు నెలల్లో పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఈ సంగతి గుమ్మంలోని పిల్లులకు కూడా తెలుసు. ఇన్నేళ్ళలో అలా తిరిగివచ్చింది ఒకే ఒక్క బీరువా, ఒక పంతులమ్మగారిది. జ్వరంలో ఉండి పెద్దామె సరిగా గీకలేదు. పంతులమ్మగారు మూడుసార్లు వచ్చి పోట్లాడారు, టీ తాగారు, తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకున్నారు. బాగా చేసిన సామాను ఏదీ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

నిన్న పెద్దామె అమ్మ బల్ల చట్రమూ రెండు సొరుగులూ గీకింది. మూడోదాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి గరుకు కాగితాన్ని మడిచి పక్కన పెట్టేసింది.

ఇవాళ ఆ సొరుగు మీద రంగు తామరాకు మీద నీళ్ళలా జారింది. మళ్ళీ మళ్ళీ పూసింది. ఆరాక పైన అవిసెనూనె రుద్దింది. మిగతా రెండింటి సరసన పెడితే తేడా తెలియలేదు.

చెల్లెలు బట్టలు సర్దుతూ మధ్యలో టీ తెచ్చింది.

"అక్కా, రాత్రిపూట గొళ్ళెం ఒక్కసారి చూసుకో చాలు. మూడుసార్లు లేవకు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఇంకా వెళ్ళందే?"

"ఊరికే అడిగాను."

"చూద్దాంలే. నేను వచ్చేస్తే ఆయనకు అన్నం ఎవరు వండుతారు? గడియారం తప్ప ఏదీ విప్పడం రాదు ఆ మనిషికి."

నాలుగున్నరకు వ్యాను వచ్చింది. గడియారాలాయన "వదినగారూ" అని పలకరించి, తానే పెట్టెలు మోశాడు. బల్లను ఎత్తబోయే ముందు చెల్లెలు పని అలవాటు కొద్దీ ఒక్కో సొరుగూ లాగి, మూల బొటనవేలి గోటితో గీరి చూసింది. మొదటిదాని రంగు కదల్లేదు. రెండోదీ అంతే. మూడోదాని మీంచి చేపపొలుసులాంటి నీలం పెచ్చు లేచి గోటికి అంటుకుంది. పెద్దామె పిల్లుల వైపు చూస్తూ నిలబడింది.

చెల్లెలు ఆ పెచ్చును వేలితో తుడిచేసింది. ఏమైందని ఆయన అడిగాడు.

"ఈ సొరుగింకా ఆరలేదు."

"పాలరంగు అరగంటలో ఆరుతుందన్నావుగా?"

"ఇది ఆరదు," అంది. సొరుగును పూర్తిగా బయటికి లాగి అక్క చేతుల్లో పెట్టింది. "ఇక్కడే ఉంచక్కా. వచ్చి నేనే గీక్కుంటా. సొరుగులు నా పని కదా."

ఎప్పుడని పెద్దామె ఈసారి అడగలేదు. పన్ను ఊడిన నోరులా మధ్యలో ఖాళీతో బల్ల వ్యాను ఎక్కింది. బల్ల అద్దంలో ఒక్క క్షణం రేకుల షెడ్డు గుమ్మంలో సొరుగు పట్టుకుని నిలుచున్న ముసలామె కనిపించింది. వ్యాను మలుపు తిరిగింది.

కల్వంలో ఇంకొకరికి సరిపడా రంగు మిగిలే ఉంది, పైన మీగడ కట్టి. గరుకు కాగితమూ చేతికందేటంత దూరంలోనే ఉంది. పెద్దామె రంగును పారబోసి కల్వం కడిగింది. కాగితాన్ని ముట్టుకోలేదు. షెడ్డు తలుపుకు గొళ్ళెం పెట్టి, ఒకసారి చూసుకుని, ఆగి, ఇంకోసారి చూసుకోకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

షెడ్డులో మేకుకు వేలాడే గొడుగు కింద, పనిబల్ల మీద మూడో సొరుగు ఉంది. దాని మూల గోరంత మేర నీలం పోయి, అడుగున పాత వార్నీషు మెరుస్తూ ఉంది.