అక్క ముందు అనకూడని మాట

ఫూసిపాలా ల్యాప్‌టాప్ మళ్ళీ నల్లతెర చూపించి, తాపీగా తన మామూలు నీలం బొమ్మ మీదికి పోయింది. పెన్‌డ్రైవ్ పక్కనే గుచ్చి ఉంది. దాని దీపం వెలుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం దాని మొహం కూడా చూడలేదు.

టోంగా రాజధాని నుకుఅలోఫాలోని నౌకా శిక్షణ బడిలో ఆ ఉదయం సెకండ్ మేట్ పరీక్ష, ఓడ నడిపే అధికారి కొలువుకి. ప్రశ్నలన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. ఎవరూ చూచి రాయకుండా ల్యాప్‌టాప్‌ని దానితోనే ఆన్ చేయాలి. పోయిన వారం అందరి ల్యాప్‌టాప్‌లూ పరీక్షించి, పనిచేసిన వాటికి స్టిక్కర్లు అంటించారు. స్టిక్కరు లేనిది తెస్తే గుమ్మం దాటనివ్వరు. పదింటికల్లా ప్రశ్నలు తెర మీదికి రాకపోతే కుర్చీ ఖాళీ చేయాలి, మళ్ళీ ఏడాది దాకా దిక్కులేదు. ఫూసి ఏళ్ళ తరబడి దీవుల మధ్య ఫెర్రీలో తాళ్ళు లాగుతోంది. గట్టెక్కితే చుక్కాని దగ్గర నిలబడుతుంది. లేదంటే మళ్ళీ ఆ తాళ్ళే.

"దాన్ని బాదకు, అదేం పడవ ఇంజను కాదు," అన్నాడు లోపెటి. పరీక్షకి కాపలా ఉన్నది అతనే. ఫూసికి పెద్దమ్మ కొడుకు, అంటే అన్న. చుట్టరికం పరీక్షలో పనికొస్తుందనుకుంటే పొరపాటే, అతను పరాయివాడికన్నా కటువుగా ఉన్నాడు.

ఆమె పెన్‌డ్రైవ్‌ని ఇంకో వైపు గుచ్చి చూసింది. లోపెటి విసుక్కుంటూ దాన్ని పక్క కుర్రాడి ల్యాప్‌టాప్‌లో పెట్టించాడు. అక్కడ శుభ్రంగా తెరుచుకుంది. అంటే తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు. ఫూసి తన ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా మీట నొక్కి, దేనితో మొదలవ్వాలో అడిగే పట్టీ తెరిచింది. పోయిన వారం అందులో పెన్‌డ్రైవ్ పేరుంది, ఇప్పుడు లేదు. సరే, లోపలి సెట్టింగుల్లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. ఆమె ఎన్నడూ పెట్టని పాస్‌వర్డ్.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫూసికి మాత్రం క్షణం పట్టలేదు. నిన్న ఆమె ఫెర్రీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఇంటి ముందుగదిలో చార్జింగ్‌లో ఉంది. పిల్లలతో సహా అదే ఇంట్లో ఉండే తమ్ముడు సియోసాయా మార్కెట్లో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేస్తాడు. ఇదే పరీక్ష రెండుసార్లు తప్పి, ఓడ దిగిపోయి, అక్క ఓడెక్కిన ప్రతిరోజూ కుళ్ళిపోతున్నవాడు.

"ఫోన్ చేసుకో, కానీ స్పీకర్లో పెట్టు. నా ఎదురుగా మాట్లాడు," అన్నాడు లోపెటి.

"నా ల్యాప్‌టాప్‌ని ఏం చేశావురా?"

"తప్పయిపోయిందక్కా," సియోసాయా గొంతు తేనె పూసిన కత్తిలా ఉంది. "వైరస్‌లొస్తాయని పెన్‌డ్రైవ్‌తో ఆన్ కాకుండా ఆపేసి, తాళం పెట్టా. మీ మంచికే."

"ఇవాళ పరీక్షని తెలిసి!"

"మీ సంగతులు నాకెలా తెలుస్తాయి? మీ గది గడపైనా తొక్కనివాణ్ణి."

"పాస్‌వర్డ్ చెప్పి చావు."

"చెప్పకూడదక్కా. ఏదో చిరాకులో పాడు మాట పెట్టేశా. అక్క ముందు అంటే నా నోరు పడిపోదూ?"

హాల్లో అందరూ తలలు తెరల్లోకి దూర్చేశారు. టోంగాలో పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు, అన్నాచెల్లెళ్ళు ఒకే గదిలో కూర్చోరు, ఒకే సినిమా చూడరు. ఆమె వస్తే అతనే లేచి పోవాలి. అక్కచెల్లెళ్ళ చెవిన బూతు పడేలా మాట్లాడిన మగాడు ఊళ్ళో తలెత్తుకోలేడు.

"లోపెటికి చెప్పు. నేను బయటికి పోతా, అతను టైపు చేస్తాడు."

"అభ్యర్థి మిషను మీద నేను చెయ్యి వేస్తే నా ఉద్యోగం ఊడుద్ది," లోపెటి రెండడుగులు వెనక్కేశాడు. "ఆ మాట నీకు చెప్పడానికీ నోరు రాదు. నేనూ అన్ననే కదా."

మిగతావాళ్ళ సంగతి సరేసరి. అన్న ఎదురుగా నిలబడి ఉండగా చెల్లెలికి బూతు చెప్పేవాడు టోంగాలో ఇంకా పుట్టలేదు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. చిరాకూ లేదు, వైరసూ లేదు. తను అడగలేని, వాడు చెప్పలేని, మరెవరూ అందించలేని మాట ఏరికోరి పెట్టాడు. పెద్దలు పెట్టిన మర్యాదనే తాళం చేసి, దాని వెనక బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకో ఏడాది ఆగండక్కా," ఫోన్లో నవ్వు దాగలేదు. "సముద్రం ఎక్కడికి పోద్ది?"

ఫూసికి ఒళ్ళు మండిపోయింది. అక్కాచెల్లెళ్ళకి చెవులుండవని ఈ మగాళ్ళ నమ్మకం. రేవులో మోటారు మొరాయించినా, తాగొచ్చి, ఇంటి పక్కన మగపిల్లలు పడుకునే పాకలో పడినా వీడి నోట వచ్చేది ఒకే మాట. రేకు గోడకి ఇవతల పడుకుని చిన్నప్పట్నుంచీ వింటోంది. విననట్టు ఉండడం వీడికి తను చేస్తూ వచ్చిన మర్యాద.

ఆమె టైపు చేసింది. ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"ఇదేనా?" అని, ఆ మాటని హాలంతా వినబడేలా, అక్షరం మింగకుండా అంది.

ఎవరి చేతిలోంచో పెన్ను జారిపడింది. లోపెటి గోడవైపు తిరిగిపోయాడు. ఎంటర్ నొక్కగానే సెట్టింగులు తెరుచుకున్నాయి. పెన్‌డ్రైవ్‌ని అనుమతించి, పట్టీలో పైకి తెచ్చి, సేవ్ చేసింది. కాసేపటికి, పది కొట్టకముందే, తెర మీదికి ప్రశ్నలొచ్చాయి.

"అక్కా... అందరి ముందా?" తేనె మొత్తం కారిపోయింది. "రేపు నేను చర్చిలో ఎలా నిలబడను? మన ఇంటి పరువు..."

"నీ మాటే కదరా, నీకే అప్పగించా. ఇక నా ముందు నోరు కట్టుకోనక్కర్లేదు. సాయంత్రం ముందుగదిలో నీ పక్కనే కూర్చుని తింటా. పక్కనే కూర్చుని టీవీ చూస్తా. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. ఎవరు లేచి బయటికి పోతారో చూద్దాం."

ఫోన్ కట్టయింది. ఇంట్లోంచి పోయేది వాడేనని ఆమెకి తెలుసు. వాడి పిల్లల్ని ఇక తన ఒళ్ళోకి పంపడనీ తెలుసు. ఏడుపొచ్చింది, దాన్ని ఆపుకోలేదు. ఏడుస్తూనే మొదటి ప్రశ్న చదివి, జవాబు కొట్టింది.