అల్లుడి బెల్టు, కొడుకు బెల్టులు

ఎవరు గొప్ప అని మా హాలు నడిపే మేడమ్ నన్నడిగారు.

"కమిటీలో ఆరుగురం పెద్దయ్యా. ముగ్గురు మీ అబ్బాయంటారు, ముగ్గురు మీ అల్లుడంటారు. పెద్ద కోచ్ ఉద్యోగం మాత్రం ఒక్కటే. వాళ్ల ప్రతి పోటీనీ పంజరం పక్కనే నిలబడి చూసింది మీరొక్కరే. నాలుగింటికి మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా ఒక్క పేరు చెప్పండి, మేమందరం ఒప్పుకుంటాం."

"ఒకడు కొడుకమ్మా, ఒకడు అల్లుడు," అన్నాను.

"అందుకే అడిగాను. ఇద్దరూ మీవాళ్లే కాబట్టి పక్షపాతం ఉండదు."

ఆ మాటలో తప్పెక్కడుందో నాకు తెలియలేదు. ఒప్పెక్కడుందో కూడా తెలియలేదు. ఇద్దరి పోటీల లెక్కలు రాసి ఆవిడిచ్చిన రెండు కాగితాలు పట్టుకుని బయటికొచ్చాను.

మా హాల్లో నేర్పేది మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. చుట్టూ ఇనపవల కట్టిన పంజరంలో ఇద్దరు తలపడతారు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి మెడ బిగించొచ్చు. అవతలివాడు ఓటమి ఒప్పుకుని అరచేత్తో తడితే మాత్రం వదిలేయాలి. నేను నలభై దాటేదాకా వ్యవసాయం చేసినవాణ్ని. కొడుకు వెంట ఇక్కడికొచ్చి మ్యాట్లు తుడిచే పనిలో చేరాను. గడ్డిమోపులు కట్టిన చేతులు కదా, బిగింపు కుదిరిందని పోటీల ముందు అందరి చేతులకీ పట్టీలు నాచేతే కట్టించేవారు. కనుబొమ్మ చిట్లితే రక్తం ఆపడం, వాస్తే చల్లటి ఇనపబిళ్ల అదమడం తర్వాత నేర్చుకున్నాను. పద్నాలుగేళ్లు వాళ్లిద్దరి చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. కొడుకు వేళ్లు మంచుగడ్డల్లా ఉండేవి. అల్లుడు కట్టినంతసేపూ కళ్లు మూసుకునేవాడు.

ఇప్పుడు ఇద్దరూ పోటీలు మానేశారు. కొడుక్కి ఎడమకంట్లో రెటీనా చిరిగింది. అల్లుడికి కుడిమోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఇద్దరికీ ఇంకో పని రాదు. ఒకరి కింద ఒకరు పనిచేయడం ఇద్దరిలో ఎవరివల్లా కాదు. అంటే ఉద్యోగం రానివాడు హాలు వదిలి వెళ్లిపోతాడు. ఆ సంగతి మేడమ్ కాగితాల్లో లేదు.

నా కూతురు కూడా ఇక్కడే, బరువులు చూసే గదిలో పనిచేస్తుంది. పోటీకి ముందు ఒక్కొక్కణ్నీ కాటా ఎక్కించి కిలోలు రాసుకోవడం దాని పని. నన్ను చూడగానే నవ్వింది.

"ఏంటి నాన్నా ఆ మొహం? పరీక్షలో పక్కవాడి కాగితం కనపడనివాడిలా ఉన్నావు."

చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నువ్వెవరి పేరు చెప్పినా నేను సగం ఏడవాల్సిందే. సరే, చదువు."

కొడుకువి ఇరవై రెండు పోటీలు, పంతొమ్మిది గెలుపులు, మూడు ఓటములు. ముందు డెబ్భై కిలోల విభాగంలో ఛాంపియన్ బెల్టు, తర్వాత డెబ్భై ఏడు కిలోల బెల్టు. అల్లుడివి ఇరవై ఎనిమిది. గెలిచినవి ఇరవై ఒకటి, ఓడినవి ఆరు, తేలనిది ఒకటి. బెల్టు ఒక్కటే, డెబ్భై కిలోలది. అయితే దానికోసం వచ్చినవాళ్లని ఓడించి ఆరుసార్లు నిలబెట్టుకున్నాడు.

"రెండు బెల్టులంటే వాడేనేమో," అన్నాను.

"ఆరుసార్లు నిలబెట్టుకున్నవాడు ఇంకొకడున్నాడా?"

"ఆరు ఓటములు కూడా ఉన్నాయి కదమ్మా."

"నాలుగు మొదటి రెండేళ్లవి. అప్పుడాయనకి కింద పడితే పైకి లేవడం రాదు."

"మీ తమ్ముడు మొదటి రెండేళ్లలో ఓడలేదే?"

"ఎలా ఓడతాడు? పైకి లేవడం వాడికి ఈయన ముందే నేర్పాడుగా."

ఇంకో దారి పట్టాను. ఇద్దరితోనూ ఆడినవాడు ఒకడున్నాడు, వాణ్ని బండ అనేవాళ్లం. బండ మా అల్లుణ్ని పాయింట్ల మీద ఓడించాడు. అదే బండని మా వాడు మొదటి రౌండులోనే మెడ బిగించి ఓడించాడు. తేలిపోయిందనుకున్నాను. అంతలోనే గుర్తొచ్చింది. ఆ రెండింటి మధ్య మూడు నెలలే ఉంది. అల్లుడు తన్నిన తన్నులకి బండ ఎడమకాలు ఇంకా ఈడుస్తూనే వచ్చాడు. వాడు పంజరం మెట్లెక్కుతున్నప్పుడు ఆ కాలు నేను చూశాను. అల్లుడు ఓడిన పోటీలో కొట్టిన దెబ్బలు కొడుకు గెలిచిన పోటీకి పనికొచ్చాయి. వాటిని ఎవరివనాలి?

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. మురికి అక్కడ లేదు.

"ఒకటి చెప్పు," అన్నాను. "మా వాడు డెబ్భై కిలోల బెల్టు వదిలి పైకెళ్లినప్పుడు, మీ ఆయన వరసలో ముందున్నాడు కదా. అడిగితే ఆ ఖాళీ బెల్టు కోసం అప్పుడే ఆడనిచ్చేవారు. ఆయన కూడా ఎందుకు డెబ్భై ఏడుకి మారాడు?"

కూతురు కాటా మీద లేని దుమ్ము దులిపింది.

"నేనే మారమన్నాను నాన్నా. తమ్ముడి మీద చెయ్యెత్తొద్దని చెప్పాను."

"అదే వారం నేను మీ తమ్ముడితో అన్నాను. బావతో వద్దురా అని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకే పక్కకు తప్పుకున్నట్టు, ఒకరిని ఒకరు తప్పించుకోవాలని ఇద్దరూ డెబ్భై ఏడుకి వెళ్లారన్నమాట. అక్కడ మా వాడు బెల్టు గెలిచాడు. అల్లుడు వరసగా గెలుస్తూ మళ్లీ వాడి వెనకే వచ్చి నిలబడ్డాడు.

"అప్పుడు కూడా నువ్వే చెప్పావా?"

"మళ్లీ డెబ్భైకి దిగిపొమ్మన్నాను. తిండి మానుకుని ఏడు కిలోలు తగ్గాడు. పాపం, ఆ నెలంతా నీళ్లు తాగాలన్నా నా మొహం చూసేవాడు."

"అంటే..." అన్నాడు వెనకనుంచి కొడుకు.

ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. వాడి వెనకే అల్లుడు, చేతిలో మోకాలి పట్టీ. ఇంటికి రాగానే పోటీల మాట ఎత్తకూడదని మా ఇంట్లో ఎప్పట్నుంచో ఒక పద్ధతి. దాని ఫలితం ఆ గుమ్మంలో నిలబడి ఉంది.

"అంటే బావా, నేను వదిలేస్తేనే కదా డెబ్భై కిలోల బెల్టు నీకు దొరికింది? ఇన్నాళ్లూ నీకు నేనిచ్చాననే అనుకుంటున్నాను."

"నువ్విచ్చావా?" అల్లుడు కాస్త నవ్వాడు. "పైన నీ ఎదురుగా నిలబడకుండా నేను దిగిపోయాను కాబట్టే నీకు రెండోది నిలిచింది. అది నేనిచ్చాననుకుంటున్నాను."

"ఎదురుగా నిలబడితే ఓడించేవాడివా?"

"నీకు పైకి లేవడం నేర్పినవాణ్ని. కిందే ఎలా ఉంచాలో తెలీదా?"

"అయితే ఇప్పుడు తేల్చుకుందాం, పద."

"పద."

నిజంగానే పంజరం వైపు నడిచారు. ఒకడు ఎడమపక్క కనపడక తలుపు అంచుకి భుజం తగిలించుకున్నాడు. ఇంకొకడు మెట్టెక్కడానికి కమ్మీ పట్టుకున్నాడు. కూతురు వెనకనుంచి అరిచింది.

"ఒకడికి కన్ను లేదు, ఒకడికి మోకాలు లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి. ఎవడు గెలిస్తే నాకేంటి? ఆస్పత్రికి మోసేది నేనేగా!"

ఇద్దరూ ఆగారు. అల్లుడు నా వైపు తిరిగాడు.

"మామయ్యా, మీరే చెప్పండి. మేమిద్దరం ఆడుంటే ఎవరు గెలిచేవాళ్లు?"

పద్నాలుగేళ్లు చూసినవాణ్ని. కొడుకు కుడిచెయ్యి వేసేముందు భుజం ఒక్క అంగుళం దించుతాడని నాకు తెలుసు. మూడో రౌండు మొదలవగానే అల్లుడు నోటితో ఊపిరి పీలుస్తాడనీ తెలుసు. ఎవరు గెలిచేవారో మాత్రం తెలియదు. ఆ పోటీ జరగకూడదని నేనే కోరుకున్నాను కదా, ఊహించుకోవడానికి కూడా నా బుర్ర ఒప్పుకోలేదు.

"తెలీదు బాబూ," అన్నాను.

గోడ మీద గడియారం నాలుగు చూపిస్తోంది.

మేడమ్ గదిలో ఆరుగురూ కూర్చునున్నారు. నాకు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. కొడుకు పేరు చెబుదామని వెళ్లాను. గుమ్మం దాటేలోపు అల్లుడి పేరు చెబుదామనుకున్నాను. బల్ల దగ్గరికి చేరేసరికి రెండూ పోయాయి.

"చెప్పండి పెద్దయ్యా."

"అల్లుడు," అన్నాను.

"కారణం?"

"కారణం కూడా కావాలా అమ్మా?"

ఎవరో నవ్వారు. మేడమ్ రాసుకున్నారు. అంతే, అయిపోయింది.

బయటికొచ్చేసరికి కూతురు నా మొహం చూసి అర్థం చేసుకుంది. భర్తను చూసింది, తమ్ముణ్ని చూసింది, ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియక కాటా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అల్లుడు నా దగ్గరికొచ్చాడు. మొహంలో సంతోషం లేదు.

"ఆటలో నేనే గొప్పని చెప్పారా మామయ్యా? అల్లుణ్ని కాదనలేక చెప్పారా?"

రెండోదే నిజం అయ్యుండొచ్చు. అల్లుణ్ని కాదంటే ఇంటికి రావడం మానేస్తాడు. కొడుకుని కాదంటే తిట్టుకుంటాడు, మళ్లీ వస్తాడు. ఆ భరోసాతోనే వాణ్ని వదిలేశానా? లేక ఆరుసార్లు బెల్టు నిలబెట్టుకున్న మనిషికి న్యాయం చేశానా? ఎటునుంచి చూసినా రెండూ సరిగ్గానే కనిపిస్తున్నాయి. రెండూ తప్పుగానూ కనిపిస్తున్నాయి.

కొడుకు బట్టల గదిలో తన అర ఖాళీ చేస్తున్నాడు. గ్లవ్స్, పంటిరక్ష, రెండు తువ్వాళ్లు, ఒక పాత చెప్పుల జత. సంచి నిండలేదు.

"రేపు ఇంటికొస్తావా?" అన్నాను.

"రాకేం? ఎక్కడికి పోతాను?"

"కోపమా?"

వాడు సంచి జిప్పు లాగాడు. మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి తీసి మళ్లీ లాగాడు.

"నన్నడిగినా బావ పేరే చెప్పేవాణ్ని నాన్నా. కాకపోతే ఎందుకు చెప్పానో నాకు తెలిసుండేది."

"ఎందుకురా?"

వాడు నన్ను కుడికంటితో చూడ్డానికి తల కాస్త పక్కకి తిప్పి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వెనకే వెళ్లి మళ్లీ అడుగుదామనుకున్నాను. వెళ్లలేదు. వాడు కారణం చెప్పినా అది నాకు అర్థమవుతుందో లేదో తెలియదు.