మగ్గం ఆగితే మెలకువ

ఆగమ్మ మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని నిండిన కండె తీసి ఖాళీది తగిలిస్తున్నది. ముక్కుకు కొంగు అడ్డం, వేళ్ల సందుల్లో పత్తి నూగు. చేతులు ఇక్కడున్నా చెవి మాత్రం మూలనున్న మగ్గం మీదే. అది కొడుకు అంకుశం నడిపే మగ్గం. ఇన్నేళ్లూ అది ఆగిన ప్రతిసారీ ఆమె గుండె జల్లుమనేది. షాకు కొట్టిందో, అటూ ఇటూ నూలు మోసే నాడె ఎగిరి కంటికి తగిలిందో! మళ్లీ మోత మొదలైతేనే ఊపిరి.

ఇప్పుడు దాన్ని ఇంకెవరో నడుపుతున్నారు. తలలో నరం చిట్లి అంకుశం ఆస్పత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు.

మధ్యాహ్నం, తల్లి లేని మనవరాలు శ్రద్ధ ఆమెను ఆస్పత్రికి తీసుకుపోవడానికి వచ్చింది.

"ఆ మగ్గం మోత నీ ఫోన్ల పట్టు బిడ్డా."

"ఎందుకే బాపమ్మా?"

"మీ బాపు మోతల్నే పండుకుంటుండె. మగ్గం ఆగితేనే దిగ్గున లేస్తుండె. దవాఖానల సప్పుడే లేదాయె, ఎట్ల లేస్తడు?"

నర్సింగు చదువుతున్న శ్రద్ధ నవ్వబోయి, ఆగి, ఫోను ముందుకు చాపింది.

ఆటోలో ఆగమ్మ మార్కండేయ గుడి పంతులు చెప్పిన మాట ఎత్తింది. వేదంలో ఉన్నదట, మనిషి పండుకుంటే చూపు, మాట, వినికిడి అన్నీ లోపలికి ముడుచుకుంటాయట. ప్రాణం ఒక్కటే కాపలా కాస్తూ మేలుకుని ఉంటుందట.

"మీ సైన్సుల ఏమున్నది మరి?"

"శ్వాస నడిపే జాగా మెదడుల వేరే ఉంటది. అది నిద్రపోదు. కానీ 'నేను' అనేటిది ఎక్కడుంటదో సైంటిస్టులకే ఇంకా పత్తా లేదు బాపమ్మా."

"అంటే లోపల మేలుకొనే ఉన్నడా? అవ్వా అని పిలుస్తున్నడేమో! మనకు ఇనవడ్తలేదేమో!"

ధైర్యం ఇవ్వవలసిన మాటే ఆమెను వణికించింది.

ఫోను అతని చెవి పక్కన పెట్టారు. సిస్టర్ తొంగి చూసి, "ఆవాజ్ కమ్ రఖో, ఆజీ" అని మోత తగ్గించమన్నట్టు సైగ చేసి వెళ్లిపోయింది. కాసేపు విననిచ్చి ఆగమ్మ "ఆపు" అన్నది. రెప్ప కదలలేదు. మళ్లీ పెట్టి, మళ్లీ ఆపారు. బొటనవేలు కదిలిందనుకున్నది ఆగమ్మ. శ్రద్ధ మళ్లీ మోత పెట్టింది.

మూడోసారి మోత సాగుతుంటే అతని నొసటి ముడి సడలినట్టయింది. అన్నం తిన్నాక గుడ్డ తానులకు ఒరిగి కునుకు తీసేటప్పటి ముఖం.

"ఆపాల్నా?"

"వద్దు బిడ్డా. లేస్తే నొస్తదేమో. పండుకోనియ్యి."

అతని పాదం పట్టుకుని మంచం అంచుకు తల ఆనించింది. చాలా రోజుల తర్వాత ఆమెకు కన్ను మూతపడింది.

శ్రద్ధ భుజం తట్టింది. "బాపమ్మా."

మోత ఇంకా సాగుతూనే ఉన్నది. అతని ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు వినబడనే లేదు.

సాయంత్రం ఆయా ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఇచ్చింది. అందులో అతని అంగీ. అంగీ జేబులో తెగిన పోగులు లాగే చిన్న ఇనుప హుక్కు, వేళ్లు పట్టిన చోట అరిగి నున్నగా.